ఖాకీ వేసుకున్నాక సొంత రాజకీయం ఎక్కడిదాకా? కానిస్టేబుళ్లకి, ఎస్సైలకి ఒక గైడ్

కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, మా ఇంట్లో తాతల కాలం నుంచి ఒకటే పార్టీ, ఊళ్లో అందరికీ తెలుసు, నేనూ కాలేజీలో జెండా మోసినోడినే, ఇప్పుడు యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఆ మనసు ఎక్కడికి పోతుంది" అంటారు. ఎక్కడికీ పోనక్కర్లేదు. మీ అభిప్రాయం మీది, మీ ఓటు మీది, వాటిని ఏ రూలూ లాక్కోదు. కాకపోతే కంప్లయింట్ పట్టుకుని స్టేషన్‌కి వచ్చినవాళ్లకి మీది ఏ పార్టీయో తెలియకూడదు, అంతే. చాలా ఏళ్లు స్టేషన్ రైటర్‌గా, అంటే స్టేషన్‌లో రికార్డులు, కాగితాలు రాసే పని, చేశాను కాబట్టి తేడా ఎక్కడ కొడుతుందో దగ్గర్నుంచి చూశా. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా లెక్క దాదాపు ఒకటే, అందుకే రెండు చోట్ల వాళ్లకీ కలిపి రాస్తున్నా.

ముందు మీ మీద ఏ రూల్స్ ఉన్నాయో తెలుసుకోండి

చాలామందికి కాండక్ట్ రూల్స్ అనే మాట ఒక్కటే తెలుసు. నిజానికి మన మీద మూడు ఉన్నాయి.

ఒకటి అందరు గవర్నమెంట్ ఉద్యోగులకీ ఉండే 1964 నాటి సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్స్. ఏ పార్టీలోనూ మెంబర్‌గా ఉండకూడదు, చందా ఇవ్వకూడదు, ప్రచారం చెయ్యకూడదు, గవర్నమెంట్ పాలసీని పబ్లిక్‌గా విమర్శించకూడదు. ఐపీఎస్ వాళ్లకి ఇలాంటివే 1968 నాటి ఆలిండియా సర్వీసెస్ రూల్స్‌లో ఉంటాయి.

రెండోది పోలీసులకి మాత్రమే ఉన్న చట్టం, 1966 నాటి పోలీస్ ఫోర్సెస్ రిస్ట్రిక్షన్ ఆఫ్ రైట్స్ యాక్ట్. దీని సెక్షన్ 3 ఒక్కసారైనా చదవండి, రెండు పేజీలు కూడా ఉండదు. పర్మిషన్ లేకుండా యూనియన్‌లో గానీ రాజకీయ సంఘంలో గానీ చేరకూడదు, డ్యూటీలో భాగంగా తప్ప ప్రెస్‌తో మాట్లాడకూడదు, ఏ రాజకీయ ఉద్దేశంతో పెట్టిన మీటింగ్‌లోనైనా పాల్గొనకూడదు, ప్రదర్శనలో నడవకూడదు. తప్పితే సెక్షన్ 4 కింద 2 ఏళ్ల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ. అంటే మిగతా డిపార్ట్‌మెంట్లలో మెమోతో పోయేది మన దగ్గర క్రిమినల్ కేసు కూడా కావొచ్చు. రాజ్యాంగంలో ఆర్టికల్ 33 ఉంది కాబట్టే ఇది చెల్లుతోంది, పోలీసులు, సైన్యం లాంటి ఫోర్సుల హక్కులకి పార్లమెంటు హద్దులు పెట్టొచ్చని అందులో ఉంది.

ఇదే చట్టంలో మనకి పనికొచ్చే మినహాయింపులు కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు. పూర్తిగా సాంఘికమైనవి, వినోదానికి సంబంధించినవి, మతపరమైనవి అయిన సంఘాలకి ఇబ్బంది లేదు, అంటే క్రికెట్ క్లబ్బు, గుడి కమిటీ, భజన బృందం లాంటివి. పూర్తిగా సాహిత్యం, కళ, సైన్సు అయితే రాసి అచ్చు వేయించుకోవచ్చు. మన డిపార్ట్‌మెంట్‌లో పద్యాలు రాసేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లు భయపడి మానేయాల్సిన పని లేదు. అయినా పుస్తకం వేసేముందు ఎస్పీ ఆఫీసులో ఒక లెటర్ ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకుంటే నిశ్చింత.

మూడోది ఎన్నికల చట్టం, దాని సంగతి కింద చెప్తా.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, ఫిషరీస్ శాఖలో ఒక ఉద్యోగిని రాజకీయ సభకి వెళ్లారని, ఫేస్‌బుక్‌లో ఏదో రాశారని చర్య తీసుకుంటే కోర్టు అది చెల్లదంది, ఉద్యోగి అయినంత మాత్రాన మాట్లాడే హక్కు మొత్తం పోదంది, సభకి వెళ్లి నిలబడినంత మాత్రాన పాల్గొన్నట్టు కాదంది. మంచి తీర్పే. కానీ దీన్ని పట్టుకుని "చూశావా, మనం కూడా పెట్టొచ్చు" అని పోలీసు గ్రూపుల్లో తిప్పుతుంటారు, అది నమ్మి ఎవరూ మోసపోవద్దు. ఆవిడ మీద 1966 చట్టం లేదు, మన మీద ఉంది. ఈ చట్టంలోని ఆంక్షలు చెల్లుతాయని సుప్రీంకోర్టు కూడా ఢిల్లీ పోలీసుల సంఘం కేసులో ఎప్పుడో చెప్పేసింది.

తర్వాత ఫోన్ సర్దుకోండి

మీ మీద వచ్చే పిటిషన్లలో ఇప్పుడు సాక్ష్యం ఎక్కువగా స్క్రీన్‌షాటే. పూర్వం ఆకాశరామన్న ఉత్తరం రాస్తే అందులో పస ఉందో లేదో తేల్చడానికి స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఊరంతా తిరగాల్సొచ్చేది, ఇప్పుడు మీ స్టేటస్సే ఫొటో తీసి ఎస్పీ గారి నంబర్‌కి పంపేస్తారు, ఇంక ఎంక్వైరీకి ఏం మిగులుతుంది.

ముందు ఉద్యోగానికి ముందు పెట్టిన పోస్టులు చూసుకోండి. కాలేజీ రోజుల్లో పెట్టినవి, ఎవరో నాయకుడిని తిట్టినవి, మార్ఫింగ్ ఫొటోలు, అవన్నీ మీ పేరు మీదే ఉంటాయి, చదివినవాడు తారీఖు చూడడు. ఫేస్‌బుక్‌లో యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్తే సంవత్సరం వారీగా పాత పోస్టులు వస్తాయి, ఒకేసారి చాలా సెలెక్ట్ చేసి ఆర్కైవ్‌లోకి గానీ ట్రాష్‌లోకి గానీ పంపొచ్చు. ఓ ఆదివారం సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. వాట్సాప్‌లో ప్రైవసీలోకి వెళ్లి గ్రూపుల్లో మిమ్మల్ని ఎవరు చేర్చొచ్చు అన్నచోట కాంటాక్ట్స్ మాత్రమే అని పెట్టుకోండి, లేకపోతే ఎలక్షన్ వచ్చిందంటే ప్రతి వార్డు ఇంచార్జీ మిమ్మల్ని ఒక గ్రూపులో పడేస్తాడు. పార్టీ గ్రూపులో ఉన్నారంటే ఒక్క మెసేజ్ పెట్టకపోయినా మెంబర్ల లిస్టులో మీ నంబరు కనబడుతుంది, వెంటనే ఎగ్జిట్ అవ్వండి, అడ్మిన్‌కి "డ్యూటీ రూల్స్ వల్ల ఉండకూడదు" అని ఒక్క ముక్క పెట్టండి, ఆ మెసేజే రేపు మీకు ఆధారం. మీరే ఏదైనా ఊరి గ్రూపుకి అడ్మిన్ అయితే అది వేరేవాళ్లకి అప్పగించేయండి. వేరేవాడు పెట్టిన పోస్టుకి అడ్మిన్ మీద కేసు నిలవదని కేరళ హైకోర్టు, బాంబే హైకోర్టు చెప్పాయి గానీ అది క్రిమినల్ కేసు మాట, డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీలో "నువ్వు అడ్మిన్‌వి కదా, ఎందుకు ఊరుకున్నావ్" అనే ప్రశ్న వస్తుంది.

లైకు, షేరు, ఫార్వర్డు, మూడూ మీ మాటలే అనుకోండి. "నేను రాయలేదు సార్, వచ్చింది పంపానంతే" అనే జవాబు నేను చూసిన ఏ ఎంక్వైరీలోనూ పనిచెయ్యలేదు. యూనిఫాంలో రీల్స్ అసలే వద్దు, ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖ అయితే 2023లో దీనికోసం ప్రత్యేకంగా సోషల్ మీడియా పాలసీయే తెచ్చింది.

రింగ్‌టోన్ సంగతి చిన్నదే అనిపిస్తుంది, కానీ నా కళ్ల ముందు జరిగింది చెప్తా. ఒక పెద్దావిడ పొలం గట్టు తగాదా మీద కాగితం రాయించుకుని వచ్చింది, అవతలివాడు ఊళ్లో ఒక పార్టీ మనిషి. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు మంచోడే, కుర్చీ వేసి నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. ఇంతలో టేబుల్ మీద వాడి ఫోన్ మోగింది, సరిగ్గా ఆ పార్టీ పాటే. ఆవిడ ఫోన్ వంక చూసింది, కుర్రాడి వంక చూసింది, చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగులో ముడేసుకుని "మళ్లీ వస్తా నాయనా" అని వెళ్లిపోయింది. ఎవరూ ఆవిడని ఏమీ అనలేదు, ఏ రూలూ దాటలేదు, కానీ ఆవిడకి ఆ స్టేషన్‌లో న్యాయం జరగదని ఆ క్షణంలో తేలిపోయింది. నేను రూల్స్ గురించి ఇంతగా చెప్పేది మీ ఇంక్రిమెంట్ కోసం ఒక్కటే కాదు, ఇలాంటి మనుషుల కోసం.

కోర్టులోనూ అంతే. మీరు దర్యాప్తు చేసిన కేసులో నిందితుడు అవతలి పార్టీవాడు అయితే, డిఫెన్స్ లాయర్ మీ పాత పోస్టు ప్రింటు తీసి క్రాస్ ఎగ్జామినేషన్‌లో చూపించి "మీరు ఫలానా పార్టీ అభిమాని అవునా కాదా" అంటాడు. పంచనామా ఎంత పక్కాగా రాసినా, సాక్షులు ఎంత బాగా చెప్పినా, జడ్జి గారి మనసులో ఒక అనుమానం పడుతుంది. బాధితుడు చేయని తప్పుకి బాధితుడే నష్టపోతాడు.

ఇల్లు, ఊరు, ఫ్లెక్సీలు

ఇంట్లో భార్య సర్పంచ్‌గా నిలబడొచ్చు, తమ్ముడు మండల స్థాయి నాయకుడు కావొచ్చు, అది వాళ్ల హక్కు, మీ ఉద్యోగం కోసం వాళ్లని ఆపక్కర్లేదు. మీరు చెయ్యాల్సింది ఏంటంటే, ఆ సంగతి యూనిట్ ఆఫీసర్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పండి, ఆ ఊరి బందోబస్తులో గానీ ఆ ఊరి కేసుల్లో గానీ వెయ్యొద్దని అడగండి. మీ పేరు మీద ఉన్న బండి ప్రచారానికి ఇవ్వొద్దు, దాని మీద పార్టీ గుర్తు స్టిక్కర్ ఉండొద్దు, క్వార్టర్స్ మీద జెండా కట్టనివ్వొద్దు. నామినేషన్ ఊరేగింపులో మీరు డ్రైవింగ్ సీట్లో కూర్చున్న ఫొటో ఒక్కటి చాలు.

ఊళ్లో ఫ్రెండ్స్‌తో పెద్ద చిక్కు ఫ్లెక్సీలే. ఎమ్మెల్యే గారి పుట్టినరోజు అంటారు, కింద వరుసలో పాస్‌పోర్ట్ ఫొటోలు ఇరవై పెడతారు, అందులో "మన పోలీసన్న" అని మీది కూడా పెట్టేస్తారు, ప్రేమతోనే చేస్తారు పాపం. మీకు తెలిసిన గంటలో ఫోన్ చేసి తీయించండి, తీసేసిన తర్వాత ఫొటో తీసి ఉంచుకోండి, మీకు తెలియకుండా పెట్టారని మీ ఎస్సైకి గానీ సీఐకి గానీ ఒక లెటర్ ఇచ్చేయండి. మొహమాటానికి పోయి ఊరుకుంటే రేపు ప్రభుత్వం మారినప్పుడు ఆ ఫ్లెక్సీ ఫొటోనే బయటకి వస్తుంది. ఎవరి ఫోన్‌లో ఏముందో మనకి తెలియదు.

యూనిఫాంలో నాయకుల కాళ్లకి దండం పెట్టడం, కేకు తినిపించడం, శాలువా కప్పడం ఏదీ వద్దు. సెల్యూట్ ప్రోటోకాల్ ఉన్నవాళ్లకి సెల్యూట్ చెయ్యండి, అక్కడితో ఆపండి. ఈ విషయంలో పెద్ద ఆఫీసర్లు కిందవాళ్లకి మంచి ఉదాహరణగా లేరు, అది నాకు బాధగానే ఉంటుంది, కానీ వాళ్లు చేశారని మీరు చేస్తే మెమో మీకే వస్తుంది.

కుల సంఘం మీటింగుల గురించి కూడా అడుగుతారు. వనభోజనాలకి వెళ్లి తినేసి రండి. స్టేజీ మీద ఎవరైనా "మన వర్గం అంతా ఈసారి ఫలానా వాళ్లకే" అని మొదలుపెట్టగానే లేచి బయటకి వచ్చేయండి, ఆ మాటతో అది రాజకీయ మీటింగ్ అయిపోయింది.

ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిందంటే

ఇక్కడ నుంచి నిబంధనలు ఇంకా బిగుస్తాయి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 28ఏ ప్రకారం ఎన్నికల డ్యూటీలో వేసిన పోలీసులు నోటిఫికేషన్ నుంచి ఫలితాల దాకా ఎలక్షన్ కమిషన్ కింద డిప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క. సెక్షన్ 129 ఇంకా ముఖ్యం, పోలీసు అన్నవాడు ఎవరినీ ఫలానా వాళ్లకి ఓటు వెయ్యమని గానీ వెయ్యొద్దని గానీ ఒప్పించే ప్రయత్నం చెయ్యకూడదు. డ్యూటీలో ఉన్నా లేకపోయినా సరే, సెలవు పెట్టి అత్తగారింట్లో కూర్చుని పక్కింటాయనకి చెప్పినా సరే. 6 నెలల దాకా జైలు ఉంది, పైగా కాగ్నిజబుల్, అంటే వారెంట్ లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు. సెక్షన్ 134ఏ కింద గవర్నమెంట్ ఉద్యోగి ఎవరూ అభ్యర్థికి ఏజెంట్‌గా కూర్చోకూడదు, అన్నయ్య నిలబడ్డా సరే.

ఎన్నికల డ్యూటీ చేసే ఆఫీసర్లు పోటీలో ఉన్న వాళ్లెవరూ తమ దగ్గరి బంధువులు కారని డిక్లరేషన్ ఇవ్వాలి. నిజంగా బంధువు ఉంటే దాచొద్దు, ఉన్నారని రాసిచ్చి వేరే చోటికి మార్పించుకోండి. 2024 మే 13న ఆంధ్రాలో పోలింగ్ అయ్యాక పల్నాడు, తిరుపతి, అనంతపురం జిల్లాల్లో గొడవలు జరిగితే ఎలక్షన్ కమిషన్ ఎస్పీల స్థాయిలోనే సస్పెన్షన్లు, బదిలీలు చేసింది, కింది స్థాయిలో ఇంకా కొంతమంది మీద చర్యలకి ఆదేశించింది. అంత పెద్దవాళ్లకే అలా ఉంటే మనకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

మీ ఓటు మాత్రం వదులుకోవద్దు. బందోబస్తు హడావిడిలో పడి పోస్టల్ బ్యాలెట్ ఫారం 12 ఇవ్వడం మర్చిపోయేవాళ్లు ప్రతిసారీ ఉంటారు, డ్యూటీ ఆర్డర్ రాగానే ముందు ఆ ఫారం నింపండి, ఫెసిలిటేషన్ సెంటర్ ఎక్కడో, ఏ రోజుల్లోనో కనుక్కోండి. ఓటు వేశాక బ్యాలెట్ ఫొటో తియ్యొద్దు, ఎవరికి వేశారో ఎవరికీ చెప్పొద్దు, ఇంట్లో అయినా క్యాంటీన్‌లో అయినా.

అవును, రెండు వర్గాల ఫ్లెక్సీలు తీయించే డ్యూటీ పడితే ఒక పద్ధతి చెప్తా, రోడ్డు ఒక చివర నుంచి మొదలుపెట్టి వరుసగా తీసుకుంటూ పోండి, ఏ పార్టీది ముందు వస్తే అదే ముందు, మొత్తం వీడియో తీయించండి, మొదలుపెట్టిన టైమూ అయిపోయిన టైమూ జీడీలో, అంటే స్టేషన్ జనరల్ డైరీలో, రాయించండి. "మాది ముందు తీశారు" అనే గొడవకి మీ దగ్గర జవాబు ఉంటుంది.

కడుపు మండిన విషయాలు ఎలా చెప్పుకోవాలి

వీక్లీ ఆఫ్ ఇవ్వరు, సరెండర్ లీవ్ డబ్బులు రావు, టీఏ ఏళ్ల తరబడి పెండింగ్. ఇది రాజకీయం కాదు, పొట్టకూటి గోడు. కానీ దీన్ని రోడ్డు మీద గానీ ఫేస్‌బుక్‌లో గానీ చెప్పిన మరుక్షణం రాజకీయం అయిపోతుంది, ఎందుకంటే ప్రతిపక్షం వాళ్లు మీ వీడియో తీసుకుని వాళ్ల పేజీలో పెట్టేస్తారు. 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీస్ బెటాలియన్లలో ఏం జరిగిందో గుర్తుంది కదా, ఏక్ పోలీస్, అంటే రాష్ట్రంలో పోలీసులందరికీ ఒకే విధానం, కావాలని కానిస్టేబుళ్లు, వాళ్ల భార్యలు రోడ్డెక్కారు, 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగంలోంచే తీసేశారు. వాళ్ల కష్టం నిజం, పిల్లల ముఖం నెలల తరబడి చూడని వాళ్లు ఉంటారు బెటాలియన్లలో, అందుకే ఆ వార్త చదివి నాకు చాలా కష్టంగా అనిపించింది.

కాబట్టి దారి మార్చండి. ముందు పిటిషన్ కాగితం మీద పెట్టండి, మీ పేరుతో, త్రూ ప్రాపర్ ఛానల్. దర్బార్‌లో, అంటే ఆఫీసర్ సిబ్బంది గోడు వినే మీటింగ్‌లో, లేచి మాట్లాడండి, అక్కడ అడిగితే తప్పు కాదు, అందుకే అది పెడతారు. రెండు రాష్ట్రాల్లోనూ పోలీస్ అధికారుల సంఘాలు ఉన్నాయి, జిల్లా అధ్యక్షుడి చేత రిప్రజెంటేషన్ ఇప్పించండి. అప్పటికీ కదలకపోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు, కోర్టుకి వెళ్లడం కాండక్ట్ రూల్స్ తప్పడం కాదు. రిటైరైన సీనియర్లు బయట మాట్లాడగలరు, వాళ్లకి మీ సమస్య అంకెలతో సహా చెప్పండి, సీక్రెట్ ఫైళ్లు మాత్రం ఇవ్వొద్దు. రిపోర్టర్ స్నేహితుడు "నీ పేరు రాయనులే" అంటాడు, వినొద్దు, 1966 చట్టంలో పేరు రాశారా లేదా అన్న తేడా లేదు.

మెమో వచ్చేస్తే

కంగారుపడి పోస్టు డిలీట్ చెయ్యొద్దు, అప్పటికే స్క్రీన్‌షాట్ వాళ్ల దగ్గర ఉంటుంది, పైగా సాక్ష్యం చెరిపాడనే ఇంకో ఆరోపణ కలుస్తుంది. మీరు కూడా ఆ పోస్టు, తారీఖు, కింద కామెంట్లు అన్నీ సేవ్ చేసుకోండి. ఎవరి పిటిషన్ మీద మెమో ఇచ్చారో ఆ కాపీ, స్క్రీన్‌షాట్ కాపీ ఇవ్వమని రాసి అడగండి, అడిగే హక్కు మీకుంది. గడువు లోపల జవాబు ఇవ్వండి, టైం చాలకపోతే గడువు ముగిసేలోపే పొడిగింపు అడగండి. జవాబులో కోపం ఉండకూడదు, ఫలానా ఎస్సై కూడా పెట్టాడు అని పక్కవాడిని లాగకూడదు. మీ అకౌంట్ కాకపోతే కాదని, ఉద్యోగానికి ముందుదైతే ఆ తారీఖు చూపించి రాయండి. సస్పెన్షన్ దాకా వెళ్తే మొదట్లో సగం జీతం లెక్కన సబ్సిస్టెన్స్ అలవెన్స్ వస్తుంది, హెడ్‌క్వార్టర్ వదిలి వెళ్లాలంటే పర్మిషన్ కావాలి. ఎంక్వైరీ లేకుండా డిస్మిస్ చెయ్యకూడదని ఆర్టికల్ 311 ఉంది, దానికి మినహాయింపులు కూడా అక్కడే ఉన్నాయి, కాబట్టి సర్వీస్ మేటర్లు చూసే లాయర్‌ని మొదటి మెమో రోజే కలవండి.

రాజకీయమే కావాలనుకుంటే

అది తప్పేం కాదు, మన డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఐపీఎస్ ఆఫీసర్ వి.వి. లక్ష్మీనారాయణ గారు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని 2019లో విశాఖలో పోటీ చేశారు, ఇంకో ఐపీఎస్ ఆఫీసర్ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు 2021లో వీఆర్‌ఎస్ తీసుకున్నాకే పార్టీలో చేరారు. సీఐగా చేసిన గోరంట్ల మాధవ్ 2019లో హిందూపురం నుంచి ఎంపీగా గెలిచారు, కానీ నామినేషన్ టైంకి ఆయన వీఆర్‌ఎస్ ఇంకా ఆమోదం కాలేదు, ట్రిబ్యునల్‌కి వెళ్లి రిలీవ్ చెయ్యమని ఆర్డర్ తెచ్చుకోవాల్సొచ్చింది. అందుకే చివరి నిమిషం దాకా ఆగొద్దు, ఎన్నికలకి చాలా నెలల ముందే అప్లికేషన్ పెట్టండి, పెన్షన్‌కి సరిపడా సర్వీసు ఉందో లేదో లెక్క చూసుకోండి, మీ మీద పెండింగ్ అభియోగాలు ఏమైనా ఉంటే ముందు క్లియర్ చేయించుకోండి, లేకపోతే వీఆర్‌ఎస్ ఆగిపోవచ్చు. రిలీవింగ్ ఆర్డర్ చేతికి వచ్చేదాకా మీరు ఉద్యోగే, అప్పటిదాకా కండువా కప్పించుకోవద్దు, టికెట్ ఇంటర్వ్యూలకి వెళ్లొద్దు, మీ పేరుతో సర్వే చేయించుకోవద్దు. ఐడీ కార్డు, కిట్టు, క్వార్టర్ తాళం అన్నీ అప్పగించి రసీదులు తీసుకోండి, ఆ తర్వాత పార్టీ ఆఫీసుకి వెళ్లండి.